బీఎస్ 6 లారీ డీజిలు ఎక్కడ తాగుతోంది: మిర్యాలగూడలో రెండు బండ్లతో ఏడు నెలల ప్రాజెక్టు డైరీ

2024 అక్టోబరు 27

మా చిన్నాయనకు రెండు పది టైర్ల లారీలున్నాయి. ఒకటి 2012లో కొన్న ఏపీ 24 నంబరు బండి, బీఎస్ 3. రెండోది 2021లో కొన్న టీఎస్ 05 బండి, బీఎస్ 6. బీఎస్ అంటే భారత్ స్టేజ్, బండి వదిలే పొగకు మన దేశం పెట్టిన నియమాల మెట్టు; అంకె పెరిగిన కొద్దీ పొగ పరిమితి బిగుస్తుంది. మిర్యాలగూడ మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకు బియ్యం తోలడం, కోతల కాలంలో ఊళ్లలోని కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు వడ్లు తోలడం ఈ రెండింటికీ ప్రధానమైన పని. కొత్త బండి ఇంటికి వచ్చిన నాటి నుంచి చిన్నాయన నోట ఒకటే మాట: "పొగ తగ్గించే సామాను పెట్టి మైలేజీ తిన్నరు." లారీ ఆఫీసు ముందు బల్లల మీద కూర్చునే వారందరి మాటా ఇదే అయినా, కొలిచి చెప్పినవారు మాత్రం నాకు ఒక్కరూ తారసపడలేదు. నేను మెకానికల్ డిప్లొమా చదివి చిన్న లేత్ వర్క్‌షాపు నడుపుకొంటున్నాను. రెండు బండ్లూ మా ఇంటివే, ఇద్దరు డ్రైవర్లూ మాట వినేవారే కాబట్టి, ఈ వడ్ల కాలం నుంచి యాసంగి వడ్ల కాలం దాకా కొలిచి రాయాలని ఈ రోజు నోటుబుక్కు తెరిచాను.

కొలత పద్ధతిని ముందే స్థిరపరచుకోకపోతే తర్వాత వచ్చే అంకెలకు విలువ ఉండదు. రెండు బండ్లకూ ఒకే బంకులో, ఒకే నాజిలు దగ్గర, నేల సమంగా ఉన్నచోట నిలిపి, తెల్లవారి 5 గంటల ప్రాంతంలో ట్యాంకు నింపాలని నిర్ణయించాను. డీజిలు వేడికి వ్యాకోచిస్తుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 0.08 శాతం పెరుగుతుంది కాబట్టి, మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి నింపితే 15 డిగ్రీల తేడాకే ఒక శాతానికి పైగా లెక్క తప్పుతుంది. నాజిలు మొదటిసారి ఆగిన తర్వాత నురుగు దిగేదాకా ఐదు నిమిషాలు ఆగి, ట్యాంకు మెడలో నేను గీసిన గీత వరకు మళ్లీ నింపాలి. ఇంత చేసినా ఒక్కో నింపుడుకు రెండు లీటర్ల దాకా పొరపాటు ఉండవచ్చు; అందుకే ఏ ఒక్క ట్రిప్పును పట్టుకొని తీర్పు చెప్పకుండా కొన్ని ట్రిప్పుల మొత్తాన్నే లెక్కలోకి తీసుకుంటాను.

కొత్త బండికి ఇంజిన్ గంటలు డాష్‌బోర్డులోనే కనిపిస్తాయి. పాత బండికి ఆ సౌకర్యం లేదు. 24 వోల్టుల అవర్ మీటరు ఒకటి తెచ్చి, ఇంజిన్ తిరుగుతున్నప్పుడు మాత్రమే లెక్కించేలా ఆల్టర్నేటరు వైరుకు కలిపాను. కొత్త బండిలో ఇంజిన్ కంప్యూటరు సమాచారం బయటికి ఇచ్చే ఓబీడీ సాకెట్‌కు ఒక చిన్న రీడరు తగిలించాను. లారీ కంప్యూటర్లు సమాచారం పంపుకోవడానికి వాడే జే1939 పద్ధతిలో ఇంజిన్ గంటకు ఎన్ని లీటర్లు తీసుకుంటున్నదో అది ఫోనులో చూపిస్తుంది. బండి కదిలిన గంటలను జీపీఎస్ రికార్డు నుంచి తీసుకొని, మొత్తం ఇంజిన్ గంటల్లోంచి తీసివేస్తే, బండి నిలబడి ఇంజిన్ తిరిగిన గంటలు మిగులుతాయి. ఈ తీసివేతే ఈ ప్రాజెక్టుకు ప్రాణమవుతుందని ఆ రోజు నాకు తెలియదు. ఆ సంగతి నవంబరులో తేలింది.

2024 నవంబరు 24

వడ్ల తోలకంలో పన్నెండు రోజుల లెక్క పూర్తయింది. రెండు బండ్లూ చుట్టుపక్కల ఊళ్ల కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు, 15 నుంచి 30 కిలోమీటర్ల దూరాల్లో తిరిగాయి. పాత బండి 471 కిలోమీటర్లకు 152 లీటర్లు తాగింది. అంటే లీటరుకు 3.10 కిలోమీటర్లు. కొత్త బండి 486 కిలోమీటర్లకు 187 లీటర్లు తాగింది, అంటే 2.60 మాత్రమే. అంకె చూడగానే చిన్నాయన, "నేను చెప్పలేదా" అన్నారు. ఇక్కడితో ఆపి ఉంటే ఆయన మాటే నెగ్గేది.

ఇంజిన్ గంటలు చూసిన తర్వాత కథ మారింది. పాత బండి ఇంజిన్ ఈ పన్నెండు రోజుల్లో 41 గంటలు తిరిగితే, అందులో 23 గంటలు బండి కదిలింది, 18 గంటలు నిలబడి ఉంది. కొత్త బండి ఇంజిన్ 62 గంటలు తిరిగింది; కదిలింది 24 గంటలే, మిగిలిన 38 గంటలు మిల్లు గేటు ముందు వరుసలో నిలబడి తిరిగింది. పాత బండి డ్రైవరన్న వరుసలో బండి ఆగగానే ఇంజిన్ ఆపి కిందికి దిగి చెట్టు నీడకు పోయే మనిషి. కొత్త బండి డ్రైవరు వయసులో చిన్నవాడు. క్యాబిన్‌లో బ్లోయరు కోసం, ఫోను చార్జింగు కోసం, వరుస ఎప్పుడు కదులుతుందో తెలియక ఇంజిన్ ఆపకుండానే ఉంచేవాడు. అతనిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. దుమ్ములో, ఎండలో ఆరేడు గంటలు వరుసలో కూర్చోవడం ఎంత కష్టమో నేను ఒక పూట అతని పక్కన కూర్చొని చూశాను.

బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ ఎంత తాగుతుందో విడిగా కొలిచాను. వర్క్‌షాపు ముందు నింపిన ట్యాంకుతో మూడు గంటలు ఇంజిన్ తిప్పి, మళ్లీ గీత దాకా నింపితే 4.8 లీటర్లు పట్టింది, గంటకు 1.6 లీటర్లు అన్నమాట. రీడరు చూపిన అంకె కూడా దాదాపు అదే. ఈ లెక్కన 38 గంటలకు 61 లీటర్లు వరుసలోనే కాలిపోయాయి. పాత బండికి అదే పద్ధతిలో గంటకు 1.4 లీటర్లు వచ్చింది; 18 గంటలకు 25 లీటర్లు.

ఇంకొక ఖర్చు కొత్త బండికి మాత్రమే ఉంది. సైలెన్సరు స్థానంలో ఉన్న పెట్టెలో డీపీఎఫ్ అనే మసి వడపోత ఉంటుంది. తేనెపట్టు వంటి పింగాణీ దిమ్మెలో సన్నని గొట్టాలు ఒకటి విడిచి ఒకటి చివర మూసి ఉంటాయి. పొగ ఆ గోడల గుండానే బయటికి పోవలసి రావడంతో మసి లోపలే చిక్కుకుంటుంది. లోడుతో హైవే మీద పోతున్నప్పుడు పొగ వేడి 250 డిగ్రీలు దాటి ఉంటుంది కాబట్టి మసి తనంతట తానే నెమ్మదిగా కాలిపోతుంది. వరుసలో నిలబడిన ఇంజిన్ పొగకు ఆ వేడి ఉండదు. అప్పుడు మసి పేరుకొని, ఇంజిన్ కంప్యూటరు అదనంగా డీజిలు చిమ్మి, వడపోతను 550, 600 డిగ్రీల దాకా వేడి చేసి మసిని కాలుస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. ఈ పన్నెండు రోజుల్లో అది ఏడుసార్లు జరిగింది. ఒకసారి రీడరు నా చేతిలో ఉన్నప్పుడే మొదలైంది: 1.6 దగ్గర ఉన్న అంకె ఒక్కసారిగా 8 దాటి, దాదాపు 25 నిమిషాలు అక్కడే నిలిచింది. ఒక్కో రీజనరేషన్‌కు సుమారు 3 లీటర్లు అదనం అనుకుంటే ఏడింటికి 21 లీటర్లు.

ఇప్పుడు 187లోంచి 61, 21 తీసివేస్తే 105 లీటర్లు మిగులుతాయి. 486 కిలోమీటర్లు కదలడానికి కొత్త బండికి పట్టింది ఆ 105 లీటర్లే, లీటరుకు 4.6 కిలోమీటర్లు. పాత బండికి 152లోంచి 25 తీసివేస్తే 127. కదిలిన దూరానికి లీటరుకు 3.7. కదిలేటప్పుడు మెరుగ్గా ఉన్న ఇంజిన్, నిలబడినప్పుడు చేతికి వచ్చినదంతా పోగొడుతోంది. ఈ లెక్కను మూడుసార్లు తిరిగి వేసి చూసుకొని, ఆ తర్వాతే చిన్నాయనకు చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

2024 డిసెంబరు 8

కొత్త బండి వారం రోజులుగా బలం తగ్గి నడుస్తోంది. కారణం వెతికితే ఒకటి కాదు, మూడు దొరికాయి. మూడూ మా వైపు నుంచి జరిగినవే.

మొదటిది, వడ్ల కల్లం దగ్గర రీజనరేషన్ మొదలైన ప్రతిసారీ డ్రైవరు భయపడి ఇంజిన్ ఆపేశాడు. అతని భయంలో న్యాయముంది. రాత్రివేళ మిల్లు ఆవరణలో, కింద ఎండుగడ్డి పరచి ఉన్నచోట, ఎవరూ తొక్కకుండానే ఇంజిన్ వేగం పెరిగి, పెట్టె వైపు నుంచి పొయ్యి ముందు నిలబడినట్టు సెగ కొడితే ఎవరికైనా గుండె జారుతుంది. "తమ్మీ, గడ్డి అంటుకుంటే వడ్ల కుప్ప మొత్తం పోతది, అందుకే బంద్ చేసిన" అని పాత బండి డ్రైవరన్న కూడా అతని పక్షానే మాట్లాడారు. గడ్డి ఉన్నచోట ఇంజిన్ ఆపడం సరైన పనే. అయితే సగంలో ఆగిన రీజనరేషన్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, అప్పటిదాకా చిమ్మిన డీజిలు వృథా పోతుంది. చేయవలసింది గడ్డికి దూరంగా బండి తీసి అది పూర్తయ్యే దాకా ఉంచడం, లేదా రోడ్డెక్కి ఒక అరగంట లోడు మీద నడపడం.

రెండోది మరింత లోతైనది. మా బండిలో వడపోతకు విడిగా డీజిలు చిమ్మే ఏర్పాటు లేదు; ఇంజిన్ సిలిండర్లలోకే, మండే సమయం దాటిన తర్వాత, ఆలస్యంగా చిమ్మడం ద్వారా ఆ డీజిలు పొగతో వడపోత వైపు పోతుంది. అందులో కొంత సిలిండరు గోడల వెంట జారి ఇంజిన్ ఆయిలులో కలుస్తుంది. ఆయిలు కడ్డీ తీసి తుడిచి ముంచి చూస్తే, పై గీతకు ఒక వేలు మందం ఎక్కువ ఉంది. ఆయిలు తగ్గాలి గానీ పెరగడమేమిటని డ్రైవరు ఆశ్చర్యపోయాడు. వేళ్ల మధ్య రుద్దితే జిగి లేదు, ముక్కు దగ్గర పెడితే డీజిలు వాసన స్పష్టంగా వచ్చింది. పైగా ఆ ఆయిలు బీఎస్ 6 ఇంజిన్‌కు తగినది కాదు. రెండు నెలల కింద ఒక షాపులో మార్పించినప్పుడు పాత బండ్లకు వాడే సీఐ4 రకం పోశారు. బీఎస్ 6కు కావలసింది బూడిద తక్కువ వదిలే సీకే4 రకం. మసిని కాల్చి వదిలించుకోవచ్చు గానీ, ఆయిలు కాలి మిగిలిన బూడిద వడపోతలో శాశ్వతంగా ఉండిపోతుంది. దాన్ని పెట్టె విప్పి శుభ్రం చేయించడమొక్కటే దారి. వడపోత బిగిసిన కొద్దీ పొగను బయటికి తోయడానికే ఇంజిన్ బలంలో కొంత పోతుంది. ఆయిలూ ఫిల్టరూ ఈ రోజే మార్చాము. కొత్త ఆయిలు పోసిన తర్వాత కడ్డీ మీద దాని మట్టం దగ్గర రంపపు బ్లేడుతో సన్నని గాటు పెట్టాను.

మూడోది యూరియా ద్రవం, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లనే విషవాయువులను విరిచేందుకు వాడేది. డ్రైవర్లు యాడ్‌బ్లూ అనీ, ఉత్త యూరియా అనీ అంటారు. నీలి మూత ఉన్న చిన్న ట్యాంకులో పోసే ఈ ద్రవంలో యూరియా 32.5 శాతం, మిగిలినది లవణాలు తీసిన శుద్ధ జలం ఉండాలి. ఐఎస్ఓ 22241 ప్రమాణం 31.8 నుంచి 33.2 దాకా మాత్రమే అనుమతిస్తుంది. ద్రవంలో యూరియా ఎంత ఉందో చేతితో పట్టుకొని చూసే రిఫ్రాక్టోమీటరు ఒకటి తెప్పించాను. గాజు మీద రెండు చుక్కలు వేసి వెలుతురు వైపు తిప్పి చూస్తే నీలం, తెలుపు కలిసే గీత కనిపిస్తుంది. మూసి ఉన్న డబ్బాలోని ద్రవానికి గీత 32 పైన నిలిచింది. రోడ్డు పక్క డ్రమ్ము నుంచి విడిగా కొన్న ద్రవానికి 27 దగ్గరే ఆగింది. నీళ్లు కలిపారని వేరే చెప్పనక్కరలేదు. నీలి మూత చుట్టూ ఉప్పు పేరుకున్నట్టు తెల్లని పొక్కులు కట్టి ఉంటే గోరువెచ్చని నీళ్లతో కడిగాము.

ద్రవం బలం తప్పినా, అయిపోయినా బండి ఊరుకోదు. యూరప్ వారి యూరో 6 పొగ నియమాల పద్ధతిలో మొదట ఇంజిన్ బలం నాలుగో వంతు తగ్గుతుంది. అప్పటికీ సరిచేయకపోతే బండి గంటకు 20 కిలోమీటర్లకు మించి పోదు. మన బీఎస్ 6 అదే దారిలో నడిచింది. బలం తగ్గిన బండిని లోడు మీద చిన్న గేర్లలో లాక్కుపోతే డీజిలు ఖర్చు ఎలాగూ పెరుగుతుంది.

ఈ వారంలోనే ఒక మెకానిక్ వచ్చి, వడపోత తీసి గొట్టం పెట్టి, కంప్యూటరు ప్రోగ్రాం మార్చి ఇస్తానన్నాడు. చిన్నాయన నా వైపు చూశారు. వద్దన్నాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదన్నది ఒక కారణం. రెండో కారణం డిసెంబరు 22 నాటి పేజీలో ఉంది.

2024 డిసెంబరు 22

ఈ ఆదివారం బండ్ల దగ్గరికి పోలేదు. నియమాల గురించి చదివినదాన్ని రాసుకున్నాను.

మన దేశంలో బీఎస్ 3 అంతటా అమలైనది 2010లో, బీఎస్ 4 2017 ఏప్రిల్ 1న, బీఎస్ 5ను దాటవేసి బీఎస్ 6 2020 ఏప్రిల్ 1న. లారీ ఇంజిన్లకు నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి ఒక కిలోవాట్ అవర్ పనికి బీఎస్ 3లో 5 గ్రాములు, బీఎస్ 4లో 3.5, బీఎస్ 6లో 0.4. మసి వంటి రేణువుల పరిమితి 0.10 నుంచి 0.02కు, అక్కడి నుంచి 0.01కు దిగింది. డీజిలులో గంధకం కూడా పది లక్షల్లో 350 పాళ్ల నుంచి 50కి, 50 నుంచి 10కి తగ్గింది. ఆ గంధకం తగ్గకుండా ఈ వడపోతలు, ఉత్ప్రేరకాలు పనిచేయవు. ఈ అంకెల్లో ఎక్కడా కిలోమీటరుకు లీటర్ల ప్రస్తావన లేదన్నది గమనించాలి. ఇంజిన్‌ను బెంచి మీద బిగించి, చేసిన పనికి ఎంత విషం వదిలిందో కొలుస్తారు. ఇంధన ఖర్చు మీద నియమం వేరే ఉంది. 12 టన్నులు దాటిన లారీలకు 2017లో ప్రకటించినది, 40, 60 కిలోమీటర్ల స్థిర వేగాల మీద కొలిచేది. మిల్లు గేటు వరుసను ఆ కొలత ఎరగదు.

పొగ నియమం మైలేజీని తినడం నిజంగా ఎక్కడ మొదలవుతుందంటే, సిలిండరులోనే. డీజిలు ఎంత వేడిగా, ఎంత త్వరగా మండితే అంత పని ఇస్తుంది. కానీ మంట వేడి 1,500 డిగ్రీలు దాటిన కొద్దీ గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారతాయి. దీన్ని తగ్గించడానికి రెండు దారులున్నాయి. ఒకటి ఈజీఆర్: వాడిన పొగలో కొంత భాగాన్ని చల్లార్చి తిరిగి సిలిండరులోకి పంపి, మంట వేడినే తగ్గించడం. ఇందులో మంట మందగిస్తుంది, మసి పెరుగుతుంది, డీజిలుకు తగిన పని రాదు. రెండోది ఎస్‌సీఆర్: మంటను వేడిగానే మండనిచ్చి, పుట్టిన విషాన్ని బయట, గొట్టంలో విరిచేయడం. యూరియా ద్రవం వేడి పొగలో అమ్మోనియాగా మారి, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గానూ నీటి ఆవిరిగానూ మారుస్తుంది. అందుకు పొగ కనీసం 200 డిగ్రీల చుట్టుపక్కల వేడి ఉండాలి. విషం సంగతి బయట చూసుకునే సదుపాయం ఉన్నందున, ఇంజిన్‌ను డీజిలు ఆదా అయ్యేలా అమర్చుకునే వీలు తయారీదారుకు దొరుకుతుంది.

అమెరికాలో ఈ రెండు దారులూ వరుసగా నడిచాయి: 2002 చివరి నుంచి లారీల్లో ఈజీఆర్ వచ్చింది, 2007 నియమాలతో మసి వడపోత వచ్చింది, 2010 నియమాలతో చాలా కంపెనీలు ఎస్‌సీఆర్ తెచ్చాయి. మొదటి రెండు మెట్లలో మైలేజీ పోయిందన్న అక్కడి డ్రైవర్ల ఫిర్యాదులో నిజముంది. మూడో మెట్టులో పోయినదానిలో చాలా భాగం తిరిగి వచ్చింది. కొత్త నియమం అంటేనే మైలేజీ నష్టం అన్న మాట ఆ తొలి రోజుల నుంచి లోకమంతటా పాకి, మన లారీ ఆఫీసు బల్లల దాకా చేరిందని నా అభిప్రాయం.

మెకానిక్‌ను వద్దన్న రెండో కారణం ఇది. నిన్న సాయంత్రం తెల్లని పాతబట్ట ఒకటి తీసుకొని, రెండు బండ్ల పొగ గొట్టాల లోపల తుడిచాను. పాత బండి గొట్టంలో ఒక్క తిప్పుకే బట్ట నల్లగా, జిడ్డుగా మారింది, వేలు నుంచి ఆ మరక సబ్బుకు కూడా పూర్తిగా పోలేదు. మూడున్నరేళ్లు నడిచిన కొత్త బండి గొట్టంలో తుడిచిన చోట బూడిదరంగు దుమ్ము మాత్రమే అంటింది. డీజిలు పొగ మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012 జూన్‌లో నిర్ధారించింది. మా మిల్లుల్లో వెనక్కి తీసే లారీకి సరిగ్గా పొగ గొట్టం ఎత్తులో, బస్తా భుజాన వేసుకొని హమాలీలు నిలబడి ఉంటారు. మూడు లీటర్ల డీజిలు కోసం ఆ వడపోత తీసేయడం నాకు సమ్మతం కాదు.

2025 ఫిబ్రవరి 23

సంక్రాంతి తర్వాత కాకినాడ ట్రిప్పులు దొరికాయి. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్, కోదాడ మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, విజయవాడ, ఏలూరు దాటి పోర్టుకు ఒకవైపు సుమారు 370 కిలోమీటర్లు. రెండు బండ్లూ తలా నాలుగు ట్రిప్పులు చేశాయి. పోయేటప్పుడు బియ్యం, వచ్చేటప్పుడు ఖాళీ.

పాత బండి 2,988 కిలోమీటర్లకు 714 లీటర్లు తీసుకుంది: లీటరుకు 4.18. కొత్త బండి 3,004 కిలోమీటర్లకు 690 లీటర్లు: లీటరుకు 4.35. యూరియా ద్రవం 28 లీటర్లు పట్టింది, అంటే డీజిలులో నాలుగు శాతం. ద్రవం మాకు లీటరు 60 రూపాయలకు పడింది, డీజిలు 95 రూపాయల పైచిలుకు ఉంది. ఆ 28 లీటర్ల ఖర్చును డీజిలుగా మార్చి కలిపితే కొత్త బండి లెక్క 4.25కు దిగుతుంది. దిగినా పాత బండి కంటే తక్కువ కాదు. నాలుగు ట్రిప్పుల్లో రీజనరేషన్ దీపం వెలిగింది రెండుసార్లే, రెండూ రోడ్డు మీదే పూర్తయ్యాయి.

బరువు కూడా చూడాలి. కాటా చిట్టీల ప్రకారం పాత బండి సగటున 15.7 టన్నులు, కొత్తది 18.6 టన్నులు మోసింది. టన్ను లెక్కన చూస్తే లీటరు డీజిలుకు పాత బండి 33 టన్ను-కిలోమీటర్ల పని, కొత్తది 40 చేశాయి. ఈ అంకె చూసి చిన్నాయన సంతోషించారు గానీ, ఇదంతా కొత్త ఇంజిన్ గొప్పతనమని రాస్తే అబద్ధమవుతుంది. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచినప్పుడు మూడు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెరిగింది. కొత్త బండి ఆ పరిమితి మీద రిజిస్టరయింది, పాతది 25 మీదే నడుస్తోంది. పొగ నియమానికీ దీనికీ సంబంధం లేదు.

2025 మార్చి 16

ఆ చిక్కు విప్పడానికి చిన్నాయనను ఒప్పించి, కొత్త బండిని రెండు ట్రిప్పులు పాత బండి బరువుతోనే, 15.7 టన్నులతో పంపించాను. మూడు టన్నుల కిరాయి వదులుకోవడం చిన్న మాట కాదు, ఆయన ఒప్పుకున్నందుకు నేను కృతజ్ఞుణ్ని. 1,500 కిలోమీటర్లకు 325 లీటర్లు పట్టింది: 4.62. యూరియా ఖర్చు కలిపితే 4.50. పాత బండి 4.18తో పోలిస్తే ఏడెనిమిది శాతం మెరుగు. ఇందులోనూ పాత ఇంజిన్ వయసు వాటా కొంత ఉంది. ఇంజిన్‌లో డీజిలు చిమ్మే దాని నాజిళ్లు కొత్తవై ఉంటే తేడా తగ్గేది. నేను గట్టిగా చెప్పగలిగినది ఇంతవరకే: లోడుతో, హైవే మీద, సరైన ఆయిలుతో, సరైన ద్రవంతో నడిచినప్పుడు మా బీఎస్ 6 బండి పాత బండి కంటే ఎక్కువ తాగలేదు.

2025 మే 11

యాసంగి వడ్లు. నవంబరు పరీక్షనే మార్పులతో మళ్లీ చేశాము. ఏప్రిల్ 21 నుంచి పన్నెండు రోజులు. డ్రైవరుకు బ్యాటరీ మీద నడిచే చిన్న ఫ్యాను, ఫోనుకు విడి చార్జరు కొనిచ్చాను. మిల్లు గుమస్తా దగ్గర వరుస నంబరు ముందే రాయించుకొని, పిలుపు వచ్చేదాకా బండిని దూరంగా చింతచెట్టు కింద ఇంజిన్ ఆపి నిలిపేలా మాట్లాడాము. ఒక్కో బండి వెంట ముందుకు జరుగుతూ ఉండే ఆ వరుసలోంచి బయటికి రావడమే పెద్ద మార్పు. నాలుగు రోజులకు ఒకసారి రాత్రిపూట నార్కెట్‌పల్లి దాకా లోడు కిరాయి ఒప్పుకున్నాము. నల్లగొండ మీదుగా పోయి వచ్చేసరికి వడపోత తనంతట తానే శుభ్రపడుతుందన్నది నా ఆలోచన. ఆ కిరాయి కిలోమీటర్లనూ, గంటలనూ, డీజిలునూ బయలుదేరే ముందూ వచ్చిన తర్వాతా ట్యాంకు నింపి విడిగా తీసివేశాను, పోలిక చెడకుండా.

వడ్ల తోలకానికి మాత్రమే 502 కిలోమీటర్లు, 146 లీటర్లు: లీటరుకు 3.44. ఇంజిన్ 41 గంటలు తిరిగింది, అందులో నిలబడినవి 16. రీజనరేషన్ మూడుసార్లు. నవంబరులో 2.60 ఇచ్చిన బండే ఇది, అదే డ్రైవరు, అవే ఊళ్లు. పాత బండి నవంబరులో ఇచ్చిన 3.10ని ఇది దాటింది, ఎక్కువ బరువు మోస్తూ.

డ్రైవరు తన నోటుబుక్కులో దీపం వెలిగిన మూడు రోజులనూ టైముతో సహా రాశాడు. ఒకదాని పక్కన "గడ్డి ఉంది, రోడ్డు మీదికి తీసిన, ఇరవై రెండు నిమిషాలు" అని ఉంది. ఈ ఉదయం బంకు దగ్గర ఇంజిన్ చల్లారిన తర్వాత ఇద్దరం కలిసి ఆయిలు కడ్డీ తీసి చూశాము. డిసెంబరులో నేను పెట్టిన గాటు దగ్గరే, వెంట్రుకవాసి కిందికి, ఆయిలు నిలిచి ఉంది.